‘గంగేటికుస్’: లాటిన్ కావ్యాలలో ఒక నదీవాచక విశేషణం – సాభిప్రాయత, అనువాద సమస్య

1. ప్రస్తావన

నదుల పేర్ల నుండి విశేషణాలు పుట్టడం, ఆ విశేషణాలు క్రమంగా నదిని విడిచి వేరే అర్థాలలో స్థిరపడడం ప్రాచీన భాషలన్నింటిలోనూ కనిపించే పరిణామమే. సంస్కృతంలో సింధుశబ్దం నుండి ఏర్పడిన ‘సైంధవం’ గుర్రానికీ ఉప్పుకూ పేరైంది. సందర్భాన్ని బట్టి అర్థనిర్ణయం చేయాలనడానికి శాస్త్రకారులు తరచుగా చూపే ఉదాహరణ ఈ పదమే. జంబూనది నుండి వచ్చిన ‘జాంబూనదం’ బంగారానికి పర్యాయపదమైంది. ‘గాంగేయ’ శబ్దం భీష్ముణ్ణి చెబుతుంది. అమరకోశంలో బంగారాన్నీ చెబుతుంది. లాటిన్ భాషలోనూ ఇదే ధోరణి ఉంది. రోము నగరపు నది తిబెరిస్ నుండి ‘తిబెరినుస్’, సింధునది పేరైన ఇందుస్ నుండి ‘ఇందికుస్’ ఏర్పడ్డాయి. రెండవదాని నపుంసకలింగ రూపమైన ‘ఇందికుమ్’ నీలిమందుకు పేరై, నేటి ‘ఇండిగో’ వరకు వచ్చింది.

ఈ కోవకు చెందిన మరొక లాటిన్ విశేషణం ‘గంగేటికుస్’. గంగకు లాటిన్‌లో ‘గంగేస్’ అని పేరు. దాని నుండి ఏర్పడిన ఈ విశేషణానికి ‘గంగకు సంబంధించిన’ అని అర్థం. కావ్యాలలో కనిపించినపుడు ఇది కేవలం దూరదేశపు సొగసు కోసం చేర్చిన మాటగా తోచడం సహజం. పులి ఎక్కడిదైతేనేమి, క్రౌర్యమే కదా సాధారణధర్మం అనుకుని పాఠకుడు ముందుకు సాగిపోవచ్చు. ఓవిడ్, సెనెకా, మార్షల్ రచనలలోని నాలుగు ప్రయోగాలను దగ్గరగా పరిశీలించి, ఈ విశేషణం సాభిప్రాయమైనదని నిరూపించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. గంగ అనే మాట తన సొంతమైన తెలుగు పాఠకుడికి ఈ విశేషణాన్ని ఎలా అందించాలి అన్న ప్రశ్నను చర్చించడం రెండవ ఉద్దేశం. ఈ విశేషణపు ప్రయోగాలన్నీ ఒకే భావంతో ముడిపడినవని ఇక్కడ వాదించడం లేదు. ఈ నాలుగు ప్రయోగాల మధ్య ఉన్న అనుబంధం యాదృచ్ఛికం కాదన్నంత వరకే వాదం.

విశేషణాన్ని కావ్యార్థ నిర్ణయంలో ఒక ప్రధాన సాధనంగా గుర్తించినవారు భారతీయ ఆలంకారికులు. సాభిప్రాయ విశేషణాన్ని పరికరాలంకారమన్నారు. కుంతకుడు విశేషణవక్రతను వక్రతాభేదాలలో ఒకటిగా చెప్పాడు. క్షేమేంద్రుడు ఔచిత్యస్థానాలలో విశేషణాన్ని చేర్చాడు. ఈ పరిభాష లాటిన్ కావ్యానికి పరాయిదే అయినా, ‘ఈ విశేషణం లేకపోతే కావ్యం ఏమి కోల్పోతుంది?’ అన్న ప్రశ్న రెండు సంప్రదాయాలకూ ఉమ్మడిదే.

2. పదస్వరూపం, పులి పూర్వకథ

‘గంగేటికుస్’ గ్రీకు నుండి లాటిన్‌కు వచ్చిన రూపం. నామవాచకమైన ‘గంగేస్’లో లేని టకారం విశేషణంలో కనిపించడానికి గ్రీకు వ్యుత్పత్తి పద్ధతే కారణం. దీనికి తోడు ‘గంగేటిస్’ అనే స్త్రీలింగ విశేషణరూపం కూడా ఉంది. ఓవిడ్ తన తొలినాటి ‘అమోరెస్’లో, బాకస్ జయించిన గంగాప్రాంత భూమిని చెప్పడానికి ఈ రెండవ రూపాన్నే వాడాడు. గమనించవలసిన మరొక విషయం లింగం. గ్రీకు, లాటిన్ భాషలలో గంగేస్ పుంలింగం. ఆ సంప్రదాయంలో నదీదేవతలు సాధారణంగా పురుషులు. ఈ భేదం తరువాతి చర్చకు కీలకం.

ఓవిడ్ విశేషణం చేరినది ‘తిగ్రిస్’ అనే పదానికి, అంటే పులికి. ఈ పదం కూడా నదితో ముడిపడినదే. క్రీ.పూ. 1వ శతాబ్దికి చెందిన వర్రో తన భాషాగ్రంథంలో దీనిని ఆర్మేనియా భాషాపదంగా చెప్పి, ఆ భాషలో అది బాణాన్నీ మహావేగం గల నదినీ కూడా సూచిస్తుందన్నాడు. పులిని అంతవరకూ ప్రాణాలతో పట్టుకోవడం సాధ్యం కాలేదని కూడా రాశాడు. అంటే ఒక తరం ముందు రోమన్ పండితునికి పులి విన్నదే గాని కన్నది కాదు. ఓవిడ్ నాటికి పరిస్థితి మారింది. క్రీ.పూ. 20లో సామోస్ ద్వీపంలో ఉన్న అగస్టస్ చక్రవర్తికి భారతదేశపు రాయబారులు పులులను కానుకగా ఇచ్చారని డియో కాసియస్ చరిత్ర చెబుతుంది. క్రీ.పూ. 11లో మార్సెల్లుస్ రంగశాల ప్రారంభ సమయంలో, మచ్చికచేసిన పులిని బోనులో ఉంచి అగస్టస్ రోములో తొలిసారి ప్రదర్శించాడని ప్లినీ రాశాడు. ప్రాచ్యుల దేశంలో, అంటే పాటలీపుత్రం రాజధానిగా గల గంగాప్రాంతంలో, పులులు అతి పెద్దవని మెగస్తనీసు చెప్పిన మాటను స్ట్రాబో గ్రంథస్థం చేశాడు. కాబట్టి క్రీ.శ. 8 ప్రాంతంలో ముగిసిన ‘మెటమార్ఫోసెస్’లో గంగాప్రాంతపు పులి కనిపించడం ఆ కాలపు జ్ఞానానికి అనుగుణమైనదే. అయితే ఇది ఆ విశేషణం ఎలా సాధ్యమైందో మాత్రమే చెబుతుంది. ఆ చోట దాని అవసరమేమిటో చెప్పదు.

3. ఓవిడ్: ప్రోక్నే, ఆడపులి

‘మెటమార్ఫోసెస్’ ఆరవ సర్గలోని కథ ప్రసిద్ధం. ఏథెన్సు రాజు పాండియన్ కుమార్తె ప్రోక్నే. ఆమె భర్త థ్రేస్ రాజు టీరియస్. అతడు ఆమె చెల్లెలు ఫిలోమెలాను చెరచి, నాలుక కోసి, అడవిలో బంధిస్తాడు. ఫిలోమెలా తన కథను వస్త్రంపై నేసి అక్కకు పంపుతుంది. ప్రోక్నే బాకస్ ఉత్సవం నెపంతో అడవికి వెళ్లి చెల్లెలిని తెస్తుంది. ప్రతీకారానికి మార్గం వెదుకుతుండగా కొడుకు ఇటిస్ ఎదురవుతాడు. తండ్రి పోలికలు చూసి ఆమె మనసు కరుడుగడుతుంది. బాలుడు అమ్మా అని పిలిచి కౌగిలించుకోగానే కరుగుతుంది. ఆ పిలుపు విన్న తల్లి కళ్లు చెల్లెలి వైపు తిరుగుతాయి. బిడ్డకు పిలవడానికి నాలుక ఉంది, చెల్లెలికి లేదు. ఆ పోలికతో ఊగిసలాట ముగుస్తుంది. ఆమె బాలుణ్ణి ఈడ్చుకుపోతుంది. ఉపమ అక్కడ వస్తుంది: లేడి పాలుతాగే పిల్లను చీకటి అడవులలో ఈడ్చుకుపోయే గంగాప్రాంతపు ఆడపులి.

ఈ విశేషణం సాభిప్రాయమనడానికి కావ్యంలోనే మూడు ఆధారాలున్నాయి.

మొదటిది, కవి స్వీయప్రయోగం. లాటిన్ కావ్యభాషలో పులికి వేరే విశేషణాలు అప్పటికే స్థిరపడ్డాయి. వర్జిల్ తన గోపగీతాలలో ఆర్మేనియా పులులను చెప్పాడు. ‘ఈనియడ్’లో డైడో ఈనియస్‌ను నిందిస్తూ హిర్కానియా ఆడపులులు అతనికి పాలిచ్చాయంటుంది. ఓవిడ్ కూడా ఇదే కావ్యంలో ఎనిమిదవ, పదిహేనవ సర్గలలో ఆర్మేనియా పులులనే పేర్కొన్నాడు. ఎనిమిదవ సర్గలో స్కిల్లా మినోస్ తల్లిని అటువంటి పులిగా నిందిస్తుంది. మామూలు క్రౌర్యానికి మామూలు విశేషణం సరిపోయింది. ప్రోక్నే దగ్గర మాత్రం కవి గంగ దాకా వెళ్లాడు.

రెండవది, ఈ కథలోని ఇతర ఉపమానాలు. ఫిలోమెలాను ఓడలో తీసుకుపోయే టీరియస్ కుందేలును తన్నుకుపోయి గూటిలో పడవేసిన గ్రద్ద వంటివాడు. చెరచబడిన ఫిలోమెలా తోడేలు నోటి నుండి జారిపడిన గొర్రెపిల్ల వంటిది, సొంత నెత్తుటితో రెక్కలు తడిసిన పావురం వంటిది. వీటిలో ఏ జంతువుకూ దేశవాచక విశేషణం లేదు. ఇవన్నీ శ్రోత ఎరిగిన జంతువులు. టీరియస్ క్రౌర్యం ఎంత ఘోరమైనదైనా ఎరిగిన లోకంలోని క్రౌర్యమే. తల్లి బిడ్డపై చేయి చేసుకునే క్షణంలోనే ఉపమానం ఎరిగిన లోకపు సరిహద్దు దాటుతుంది. థ్రేసువాడు ఏథెన్సు శ్రోతకు అనాగరికుడు. ప్రోక్నే ఏథెన్సు రాజకుమారి. ఆమెను ఒక్క విశేషణంతో కవి థ్రేసుకన్నా ఆవలకు నెట్టాడు. నాగరికురాలు ఎవరు, అనాగరికుడు ఎవరు అనే విభాగం ఆ మాట దగ్గర తలకిందులవుతుంది.

మూడవది, బాకస్ సంబంధం. ఈ ఆధారం అన్నింటికన్నా బలమైనది. లాటిన్ కవులకు గంగ అనగానే స్ఫురించే దైవం బాకస్. ప్రాగ్దేశాలను గంగ దాకా జయించినవాడుగా అతణ్ణి ఓవిడ్ ఇదే కావ్యం నాల్గవ సర్గలోనూ, ‘ఫాస్టి’లోనూ కీర్తించాడు. అతని రథానికి కట్టినవి పులులు. ప్రోక్నే చెల్లెలిని విడిపించడానికి వెళ్లినప్పుడు వేసుకున్నది బాకస్ భక్తురాలి వేషమే. తలపై ద్రాక్షతీగె, ఎడమ ప్రక్కన వ్రేలాడే లేడిచర్మం. సుమారు నలభై అయిదు పాదాల తరువాత ఉపమలో పులి నోట చిక్కినది లేడిపిల్ల. వేషంగా ధరించిన ఉన్మాదం నిజమైన ఉన్మాదంగా మారిన వైనాన్ని కవి వ్యాఖ్యానించలేదు. లేడి, పులి, గంగ అనే మూడు సూచికలను వరుసగా ఉంచాడంతే. ‘హిర్కానియా’ అన్న మాట ఇక్కడ ఉంటే క్రౌర్యం మిగిలేది, బాకస్ జారిపోయేవాడు.

ఛందస్సు కోసమే ఈ మాట వచ్చి ఉండవచ్చు గదా అన్న ఆక్షేపణను పరిశీలించాలి. ‘గంగేటికా’ స్త్రీలింగ ప్రథమైకవచనంలో మొదటి రెండు అక్షరాలు గురువులు, చివరి రెండూ లఘువులు. రెండు గురువుల ‘కెర్వే’ (లేడియొక్క) పదంతో కలిసి అది హెక్సామీటర్ పాదాంతానికి చక్కగా అమరుతుంది. ‘ఆర్మేనియా’ విశేషణానికి అదే ఏకవచనరూపంలో గురువు తరువాత మూడు లఘువులు వరుసగా వస్తాయి; సాధారణంగా అది ఆ వృత్తంలో ఇమడదు. కాబట్టి ఛందస్సు కొంత ఒత్తిడి చేసిందనడం న్యాయమే. కానీ ‘హిర్కానా’ అన్న రూపం ఆ వృత్తంలో ఇముడుతుంది. బహువచనం వాడి ఉంటే ఆర్మేనియా కూడా ఇమిడేది. ఓవిడ్ వేరేచోట్ల వాడింది ఆ బహువచనమే. ఛందస్సు కొన్ని తలుపులు మూసిందే గాని, ఒక్క తలుపునే తెరిచి ఉంచలేదు.

పదక్రమం ఈ వాదాన్ని మరింత బలపరుస్తుంది. విశేషణం మొదటి పాదం చివర వస్తుంది. దాని విశేష్యమైన ‘తిగ్రిస్’ రెండవ పాదంలో చివరి మాటకు ముందుగాని రాదు. ఆ రెండింటి నడుమ లేడి, పాలుతాగే పిల్ల, అడవులు ఉన్నాయి. శ్రోత ముందుగా ‘గంగేటికా’ అని స్త్రీలింగంలో వింటాడు. ఎవరా అని ఎదురుచూస్తాడు. వెంటనే వినిపించేది మరొక ఆడజంతువు, లేడి. ఒక క్షణంపాటు రెండు స్త్రీరూపాలు ప్రక్కప్రక్కనే నిలుస్తాయి. పులి ఎవరో తెలిసేసరికి అది ఎరను అడవిలోకి లాక్కుపోయింది.

ఈ సామీప్యంలోనే ఉపమలోని అసలు బీటు దాగి ఉంది. పులి ఈడ్చుకుపోయేది పరాయి తల్లి బిడ్డను. ప్రోక్నే ఈడ్చుకుపోయేది తన బిడ్డను. సాదృశ్యం ఇక్కడ పూర్ణం కాదు. ఉపమానంలో ఇద్దరు తల్లులుంటే ఉపమేయంలో ఒక్కతే ఉంది. పులి ప్రోక్నే అయితే లేడి ఎవరు? లేడి కూడా ప్రోక్నేయే. పాలిచ్చిన తల్లి ఆమే, చీల్చే మృగమూ ఆమే. దీనిని ఉపమాదోషంగా భావించవలసిన పని లేదు. తల్లినీ హంతకినీ వేరు చేయడానికి కవికి ఎంత దూరం కావాలో అంత దూరాన్ని ఆ విశేషణం సమకూర్చింది. అడవిలో పులికీ లేడికీ మధ్య ఉన్న భేదం ఒక్క స్త్రీలో పడింది. అలా పడాలంటే ఆ స్త్రీ ఒక అంశ గంగ దాకా పోవాలి.

4. సెనెకా, మార్షల్: విశేషణ సంచారం

క్రీ.శ. 65లో మరణించిన సెనెకా విషాదనాటకాలలో ఈ విశేషణం పులితోనే వస్తుంది కానీ పులిని అంటిపెట్టుకుని ఉండదు. ‘మెడియా’లో బృందగానం ఆమె అటూ ఇటూ తిరుగుతున్న తీరును, పిల్లలను పోగొట్టుకుని గంగేటిక వనంలో పరుగులు తీసే ఆడపులితో పోలుస్తుంది. విశేషణం మృగం నుండి వనానికి మారింది. మరొక మార్పు ఇంకా ముఖ్యమైనది. ఓవిడ్ పులి ఇతరుల బిడ్డను చంపేది. సెనెకా పులి తన పిల్లలను కోల్పోయినది. ఆ సమయానికి మెడియా బిడ్డలు బ్రతికే ఉన్నారు. వారిని చంపబోయేది ఆమే. ఉపమానంలో జరిగిపోయిన నష్టం ఉపమేయంలో ఇంకా జరగలేదు. ఓవిడ్ రెండు జంతువులుగా విడదీసిన తల్లిని సెనెకా ఒకే జంతువులో చేర్చి, కాలాన్ని ముందుకు జరిపాడు.

‘థయెస్టీస్’లో ఏట్రియస్ తన తమ్ముని కొడుకులను బలి ఇచ్చే ఘట్టంలో, ఎవరిని ముందు చంపాలా అన్న అతని ఊగిసలాటను వార్తాహరుడు గంగేటిక అడవులలో రెండు కోడెదూడల మధ్య తేల్చుకోలేని ఆకలిపులితో పోలుస్తాడు. ఈ ప్రయోగం ఓవిడ్‌ను స్మరింపజేస్తుందనడానికి నాటకంలోనే సాక్ష్యం ఉంది. అంతకుముందే ఏట్రియస్ థ్రేసు రాజగృహంలోని ఆ ఘోరవిందును తలచుకుని, ఆ తల్లినీ ఆమె సోదరినీ తనకు ప్రేరణ ఇమ్మని పిలుస్తాడు. నేరం ఎక్కడి నుండి అరువు తెచ్చుకున్నాడో విశేషణం కూడా అక్కడి నుండే వచ్చింది. అయితే ప్రోక్నేలో ఊగిసలాట పులి రావడానికి ముందే ముగిసింది. మమకారం ఓడిన తరువాతే ఆమె పులి అయింది. ఏట్రియస్ విషయంలో ఊగిసలాడేది పులే. అక్కడ మమకారం లేదు. క్రమం గురించిన చింత మాత్రమే ఉంది. ఒకే విశేషణం కింద ఇంత తేడా కనిపించడం వల్లనే సెనెకా నాటకంలోని క్రౌర్యం మరింత చల్లగా తోస్తుంది.

1వ శతాబ్ది చివర మార్షల్ రాసిన ఎనిమిదవ సంపుటంలోని ఒక చాటువులో విశేషణం మరొక అడుగు జరిగింది. డొమిషియన్ చక్రవర్తి రోములో ప్రదర్శించిన పులులను పొగుడుతూ, అన్ని పులులకు గంగేటిక చోరుడు కూడా తూర్పుపొలాలలో భయపడి ఉండడంటాడు కవి. ఈ చోరుడు పులికూనలను ఎత్తుకుని హిర్కానియా గుర్రంపై పారిపోయే వేటగాడు. తరుముకొచ్చే ఆడపులిని ఆపడానికి కూనలను ఒక్కొక్కటిగా జారవిడిచే ఆ వేటవిధానాన్ని ప్లినీ వివరించాడు. ఇంతవరకు మృగానికీ దాని వనానికీ చెందిన విశేషణం మనిషికి చేరింది. బిడ్డను లాక్కుపోయేది ఇప్పుడు పులి కాదు, మనిషి. తల్లిగా మిగిలింది పులి. ఆ చాటువులోనే బాకస్ రెండు పులులతో సరిపెట్టుకున్నాడన్న ఎత్తిపొడుపు ఉంది. ఓవిడ్ కట్టిన గంగ, పులి, బాకస్, అపహృత శిశువు అన్న ముడి శతాబ్దం చివరికి రాజస్తుతిలో కూడా విడిపోలేదు. కానీ తేలికపడింది. ప్రోక్నే చేతిలో భయానకమైన మాట ఇక్కడ వినోదపు మాటగా మారింది.

ఈ నాలుగు ప్రయోగాలలోనూ నది కనిపించదు. వర్జిల్ ‘ఈనియడ్’లో సేనల నడకకు ప్రశాంతంగా పారే గంగను ఉపమానం చేసినప్పుడు అక్కడ నది ఉంది, నీరు ఉంది, వాడినది నామవాచకం. విశేషణంగా మారగానే గంగ నీటిని పోగొట్టుకుని చీకటి అడవిగా మిగిలింది.

5. కావ్యం వెలుపల

కావ్యాలకు వెలుపల ఈ విశేషణం శాస్త్రంలో తిన్నని జీవితం గడిపింది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన టాలమీ తన గ్రీకు భూగోళగ్రంథంలో నేటి బంగాళాఖాతాన్ని ‘గంగేటిక సింధుశాఖ’ అన్నాడు. తెలుగు తీరం ఈ విశేషణం పరిధిలోకి వచ్చేది అక్కడే. అతడు చెప్పిన మైసోలోస్ నది, మైసోలియా ప్రాంతం, ఘంటసాలగా పండితులు గుర్తించిన కొంటకొస్సూల రేవు ఆ సింధుశాఖ ఒడ్డునే ఉన్నాయి. ఆధునిక జీవశాస్త్రం దీనిని జాతినామంగా స్వీకరించింది. ఘరియాల్ మొసలికి 1789లో గ్మెలిన్ ఈ విశేషణమే వాడాడు. గంగలోని డాల్ఫిన్‌కు 1801లో ‘డెల్ఫినుస్ గంగేటికుస్’ అని పేరు పెట్టినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ఒకడు; కలకత్తా వెళ్లకముందు అతడు సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధన చేసినవాడు. కావ్యాలు వదిలేసిన నీటిని శాస్త్రం ఈ మాటకు తిరిగి ఇచ్చింది. ఈ ప్రయోగాలలో గంగేటికుస్ అంటే గంగలో బ్రతికేది.

6. గాంగేయ శబ్దంతో పోలిక

తెలుగు పాఠకుడు ఓవిడ్ ఉపమను చదివినప్పుడు స్మృతిలో కదిలే కథ ఒకటుంది. నన్నయ ఆదిపర్వం ద్వారా తెలుగువారికి పరిచితమైన ఆ కథలో, శంతనుని భార్యయైన గంగ తనకు పుట్టిన ఏడుగురు కొడుకులను వరుసగా నీటిలో విడుస్తుంది. ఎనిమిదవవాడు మిగిలి గాంగేయుడవుతాడు. బిడ్డను చంపే తల్లికి ‘గంగాసంబంధమైన’ ఉపమానం వాడిన లాటిన్ కవికి ఈ కథ తెలుసునేమో అన్న ఊహ ఆకర్షణీయమైనది. ఆ ఊహకు ఆధారం లేదు. అంతేకాక లాటిన్ పాఠం దానికి అడ్డుపడుతుంది. ఓవిడ్ గంగేస్ పురుషుడు. ఐదవ సర్గలో అతని సంతతి ఒకసారి కనిపిస్తుంది. గంగేస్ కూతురు లిమ్నేయే నీటి అడుగున కన్న ఆథిస్ అనే పదహారేళ్ల భారతీయ యువకుడు పెర్సియస్ చేతిలో, బలిపీఠంపై పొగలు చిమ్మే కొరకంచు దెబ్బకు మరణిస్తాడు. గంగ సంతానమైన యువకుడు ఉన్నచోట ఓవిడ్ గంగేటికుస్ అన్న విశేషణం వాడలేదు. నదిపేరునే వాడి జన్మవృత్తాంతం చెప్పాడు. వంశం చెప్పవలసినచోట నామవాచకం, వన్యత్వం చెప్పవలసినచోట విశేషణం వచ్చాయి.

కాబట్టి రెండు కథల పోలిక ప్రభావనిరూపణకు పనికిరాదు, భేదనిరూపణకు పనికివస్తుంది. గంగాశబ్దం నుండి అపత్యార్థంలో గాంగ, గాంగాయని, గాంగేయ అనే రూపాలను వైయాకరణులు సాధించారు. గాంగేయుడంటే గంగ కన్నవాడు. ఆ ప్రత్యయంలోనే తల్లి ఉంది. లాటిన్ ప్రత్యయంలో సంబంధసామాన్యమే తప్ప జన్మసంబంధం లేదు. భారతకథలో గంగ చేసిన శిశుత్యాగం శాపగ్రస్తులైన వసువులకు విముక్తి. ఆమె వారిని నీటికి, అంటే తనకే, తిరిగి ఇచ్చుకుంటుంది. ప్రోక్నే చర్య ఎవరికీ విముక్తి కాదు. ఒకచోట నది తల్లి. మరొకచోట నది తల్లితనం ముగిసే హద్దు. సాదృశ్యాన్ని చూసి ఆగిపోయే తులనాత్మక విమర్శ ఈ భేదాన్ని కోల్పోతుంది.

7. అనువాద సమస్య

ఈ భేదమే అనువాదకుని ముందు సమస్యగా నిలుస్తుంది. లాటిన్ శ్రోతకు గంగ లోకపుటంచు. తెలుగువారికి గంగ ఇంటిపేరంత దగ్గరిది. గోదావరి దక్షిణగంగ. శ్రీశైలం దిగువన కృష్ణ పాతాళగంగ. గ్రామదేవత గంగమ్మ. చేపలు పట్టి జీవించేవారు గంగపుత్రులు. మద్రాసుకు కృష్ణాజలాలను చేర్చడానికి తలపెట్టిన కాలువ తెలుగుగంగ. నీటికే గంగ అని పేరున్న భాష ఇది. ఓవిడ్ దూరం కోసం ఎన్నుకున్న మాట తెలుగులో సామీప్యాన్నీ పావిత్ర్యాన్నీ తెస్తుంది. మూలానికి మాటకు మాట సరిపోయినచోటే అర్థం తిరగబడుతుంది.

సాధ్యమైన రూపాలను పరిశీలిస్తే, ‘గాంగేయవ్యాఘ్రి’ అన్నది వ్యుత్పత్తి దృష్ట్యా దగ్గరగా తోచినా అంగీకరించదగినది కాదు. అపత్యార్థం, భీష్మస్మృతి రెండూ అడ్డువస్తాయి. ‘గాంగవ్యాఘ్రి’ వ్యాకరణరీత్యా నిర్దుష్టమే కాని పాఠకునికి ఏ దృశ్యాన్నీ ఇవ్వదు. ‘గంగాతీరపు ఆడపులి’ సుబోధమే. అయితే గంగాతీరం అనగానే ఘట్టాలు, తర్పణాలు, ఆశ్రమాలు స్ఫురించి, ఆశ్రమమృగాల శాంతి ఉపమలోకి చొరబడుతుంది. ‘బెంగాలు పులి’ నేటి జంతుశాలలోని పలకను తలపిస్తుంది. విశేషణాన్ని విడిచి ‘ఆడపులి’ అని సరిపెట్టుకుంటే కథలోని గ్రద్ద, తోడేలు పక్కన ఇదీ ఒకటవుతుంది. కవి గీసిన సరిహద్దు చెరిగిపోతుంది.

మిగిలిన మార్గం రెండు విధాలు. మొదటిది, నదిపేరును లాటిన్ వేషంలోనే ఉంచి ‘గంగేస్ అడవుల ఆడపులి’ అనడం. పరిచిత నదికి అపరిచితరూపం ఇవ్వడం వల్ల రోమన్ చూపు పాఠకునికి అందుతుంది. తెలుగు పాఠకుడు తన గంగను పరాయివాడి కంటితో చూడవలసి వస్తుంది; ఇక్కడ కావలసింది ఆ స్వల్పమైన ఇబ్బందే. రెండవది, దూరాన్ని మాటగా చెప్పి ‘ఎక్కడో గంగ ఒడ్డు అడవుల్లోని ఆడపులి’ అనడం. మూలంలో ధ్వనించే దూరం ఇక్కడ వాచ్యమవుతుంది. ఇది నష్టమే. అయినా అర్థం తలకిందులు కావడంకన్నా చిన్న నష్టం. టీకాతాత్పర్యాలతో కూడిన పరిశోధనానువాదానికి మొదటిది, ఏకధాటిగా చదువుకునే కావ్యానువాదానికి రెండవది తగినవి. అడవులను చేర్చడం స్వేచ్ఛ తీసుకోవడం కాదు. ఓవిడ్‌లో అడవి ఉపమలోనే ఉంది; సెనెకాలో విశేషణం దానికే చేరింది.

పదక్రమం విషయంలో మాత్రం తెలుగు అనువాదకుడు అదృష్టవంతుడు. విశేషణాన్ని ముందుంచి విశేష్యాన్ని చివరివరకు ఆపడం లాటిన్‌కు విభక్తిప్రత్యయాల వల్ల సాధ్యమైంది. తెలుగుకు అది వాక్యస్వభావం వల్లనే సాధ్యం. క్రియాజన్య విశేషణంతో లేడిని, పిల్లను, అడవిని ముందు చెప్పి, పులిని చిట్టచివర నిలపడానికి తెలుగు వాక్యం ఏ కృత్రిమత్వమూ లేకుండా ఒప్పుకుంటుంది. ఎవరు ఈడ్చుకుపోతున్నారో తెలిసేలోపే ఎర కదిలిపోయే ఆ అనుభవాన్ని, విశేష్యం తరువాత ఉపవాక్యం నడిపే భాషలకన్నా తెలుగు నమ్మకంగా అందించగలదు.

8. ముగింపు

ఓవిడ్ ఉపమలో ‘గంగేటికా’ అన్న విశేషణం పులి నివాసాన్ని తెలిపే మాటగా మాత్రమే లేదు. కవి ఇతరచోట్ల వాడిన ఆర్మేనియాను ఇక్కడ వదలడం, ఈ కథలోని ఇతర జంతువులకు దేశవిశేషణాలు లేకపోవడం, బాకస్ వేషంతో దానికున్న అనుబంధం కలిసి అది పరికరకోటిలో చేరదగినదని రుజువు చేస్తున్నాయి. సెనెకా దానిని వనానికి, మార్షల్ వేటగానికి మార్చినా, బిడ్డ అపహరణ, వధ అన్న వలయం నుండి తప్పించలేదు. భారతీయ భాషలలో గంగనుండి పుట్టిన తద్ధితం మాతృత్వాన్ని నిలుపుకుంటే, లాటిన్ కావ్యభాషలో గంగనుండి పుట్టిన విశేషణం మాతృత్వం విరిగిపోయే చోట నిలిచింది.

పాశ్చాత్య ప్రాచీన కావ్యాలను ఆంగ్లం ద్వారా తెలుగులోకి తెచ్చేటప్పుడు భారతదేశానికి సంబంధించిన పేర్లు సులభమైనవన్న భ్రమ కలగడం సహజం. మన నది, మన మృగం కదా అన్న ధీమాతో వాటిని వెంటనే తత్సమరూపాలలోకి మార్చడం జరుగుతుంది. గంగేటికుస్ ఉదంతం దీనికి విరుద్ధమైన హెచ్చరిక చేస్తుంది. పరాయికావ్యంలో మన పేరు కనిపించినచోటే అనువాదకుడు ఎక్కువ జాగరూకత వహించాలి. అక్కడ ఉన్నది మన గంగ కాదు. మనను ఎన్నడూ చూడనివారు లోకపుటంచున ఊహించుకున్న గంగ. ఇదే దృష్టితో లాటిన్ కావ్యాలలోని ఇందుస్, హిదస్పేస్ నదుల ప్రస్తావనలను, వాటి విశేషణరూపాలను, సైంధవాది శబ్దాలతో పోల్చి పరిశీలించవలసిన అవసరం ఉంది.